కదలని నెంబరు

టెలికాం శాఖ జీపు మా వాకిట్లో ఆగినప్పుడు మావయ్యగారి కోసమే వచ్చి ఉంటుందని ఇంట్లో అందరం అనుకున్నాం. కడియంలో ముప్పై ఏళ్ళుగా కేబుల్ టీవీ నడుపుతున్న దొరబాబు గారంటే ఆయనే. మూడేళ్ళ కిందట పాత తీగలు తీసేసి, ఫైబర్ లాగి, టీవీతో పాటు ఇంటర్నెట్ కూడా ఇస్తున్నది ఆయనే. పెళ్ళయి ఆరు వారాలైన కొత్త కోడలితో ఏ శాఖకైనా పనేముంటుంది? కానీ జీపు దిగిన పెద్దమనిషి చేతిలో కాగితం చూసుకుని, "దేవిశ్రీ అంటే ఎవరండి?" అని అడిగారు. నేను అప్పుడు గుమ్మంలోనే, ఎడమ చేతిని గాలికి చాపుకుని నిలబడి ఉన్నాను.

ఆ చెయ్యి అలా చాపుకోవడానికి కారణం గోరింటాకు. పొద్దున్నే మా వారు యుగంధర్ పెట్టారు. నడుమ చందమామ పెడతానని మొదలుపెట్టి ఇడ్లీ పెట్టారు. నవ్వితే ఆకు చెదిరిపోతుందని నవ్వకుండా ఉండటానికి నేను పడిన పాట్లు నాకే తెలుసు.

"నేనేనండి," అన్నాను.

అధికారి పేరు జీవరాజు. యాభై దాటి ఉంటాయి, తల సగం నెరిసింది. చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చారు. మా హాలు సగం ఇల్లు, సగం కంట్రోల్ రూమ్. ఒక గోడకి అద్దాల బీరువా, దాన్నిండా మినుకుమినుకుమనే పచ్చ దీపాలు. శుక్రవారం పూట అత్తయ్యగారు ఆ బీరువాకి కూడా కుంకుమబొట్టు పెడతారు. జీవరాజు గారు ఆ బొట్టు చూశారు. కుర్చీలో కూర్చుని కాగితంలోంచి ఒక నెంబరు చదివారు.

"ఇది మీదేనా అమ్మా?"

నాదే. డిగ్రీ మొదటి సంవత్సరంలో, పెద్దాపురంలో మరిడమ్మ జాతర రోజుల్లో నాన్న కొనిచ్చిన నెంబరు. మూడేళ్ళ చదువూ పెళ్ళిచూపులూ దాని మీదే గడిచాయి. పెళ్ళయ్యాక యుగంధర్ తన నెంబరు పక్క నెంబరే నా కోసం వెతికి తీశారు. ఇద్దరికీ చివరి అంకె ఒక్కటే తేడా. ఆ సంబరంలో పాతదాన్ని మర్చేపోయాను.

"నాదేనండి. కానీ ఇప్పుడు వాడటం లేదు."

"వాడకపోవడం ఏంటమ్మా? నిన్న ఒక్కరోజే అరవై నాలుగు కాల్స్ వెళ్ళాయి." ఆయన గొంతులో కోపం లేదు. "పైగా ఇరవై రోజులుగా ఈ నెంబరు ఒక్క గజం కూడా కదల్లేదు. మనిషి చేతిలో ఉన్న ఫోను కనీసం కూరగాయల బజారుకైనా వెళ్ళొస్తుంది కదా."

అప్పుడు గుర్తొచ్చింది. ఒక మధ్యాహ్నం మావయ్యగారు మా గది గుమ్మం దగ్గరికి వచ్చి, ముందు చిన్నగా దగ్గి, "దేవమ్మా, పాత సిమ్ ఏదైనా ఊరికే పడుందా?" అని అడిగారు. ఈ ఇంట్లో నన్ను ఒకరు ఒక వస్తువు అడగడం అదే మొదటిసారి. ఎందుకని కూడా అడగలేదు. పెట్టె అడుగునుంచి వెతికి మరీ తీసిచ్చి, సాయంత్రం దాకా ఆ సంతోషంతోనే తిరిగాను.

నేను తలెత్తేసరికి మావయ్యగారు లేచి నిలబడి ఉన్నారు.

"అయ్యా, ఆ పిల్లకేం తెలీదండి. నేనే పెట్టాను."

"కాదండి, నేను పెట్టాను," అన్నారు యుగంధర్.

"నువ్వూరుకోరా."

"మీరు ఊరుకోండి నాన్నా. బీపీ మాత్ర కూడా వేసుకోలేదు ఇవాళ."

జీవరాజు గారు కలం మూత తీసి పట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "ఒక సిమ్‌ని ఇద్దరు పెట్టలేరండి. ఎవరో ఒకరు చెప్పండి, రాసుకుంటాను."

వంటింట్లోంచి అత్తయ్యగారు రత్నమాణిక్యం గారి గొంతు వినిపించింది. "మజ్జిగ తాగుతారాండి? అల్లం వేసినదా, వేయనిదా?"

"వేసినదేనండి," అన్నారాయన. మళ్ళీ నా వైపు తిరిగారు. "సిమ్ ఎవరి పేరున ఉంటే జవాబు చెప్పాల్సింది వాళ్ళేనమ్మా. అందుకే ముందు మీ పేరు అడిగాను."

నేను నిజం చెప్పేశాను. మావయ్యగారు అడిగారనీ, నేనిచ్చాననీ, ఎందుకో కనుక్కోలేదనీ. చెబుతూ మావయ్యగారి ముఖం చూడలేకపోయాను. ఆయన మాత్రం నా వైపు చూసి తలూపారు, పాఠం అప్పజెప్పిన పిల్లని చూసినట్టు.

"ఆయ్, అంతేనండి. రండి, చూపిస్తాను," అన్నారు.

నేను కాపురానికొచ్చాక ఈ ఇంట్లో నాకు అన్నింటికంటే నచ్చింది ఆ ఫోన్ల సంగతే. ఫైబర్ ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ గోడకి ఒక తెల్లపెట్టె బిగిస్తారు. దాని వెనక టెలిఫోను తగిలించుకునే రంధ్రం ఒకటి ఉంటుంది. ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళు దాన్ని వాడరు. ఖాళీగా ఉన్న ఆ రంధ్రం మావయ్యగారిని కుదురుగా ఉండనివ్వలేదు. రాజమండ్రిలో పాత సామాన్ల కొట్టుకి వెళ్ళి, జనం పారేసిన ల్యాండ్‌లైన్ ఫోన్లు బస్తాడు తెచ్చారు. కిరోసిన్ గుడ్డతో తుడిచి, కంట్రోల్ రూమ్‌లో ఒక చిన్న యంత్రం పెట్టి, అడిగిన ఇంటికల్లా ఒకటి తగిలించారు, ఉచితంగా. ఇప్పుడు తొంభై రెండు ఇళ్ళలో ఉన్నాయి. ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర సెల్‌ఫోన్లు లేక కాదు. రీచార్జి చేయించాల్సిన పిల్లలు వేరే ఊళ్ళలో ఉండి మర్చిపోతుంటారు. ఈ ఫోనుకి ఆ బాధ లేదు. కేబుల్ కనెక్షన్ నెంబరే ఫోను నెంబరు. కంట్రోల్ రూమ్‌ది సున్నా. మా వంటింటిది వంద. మేడ మీద మా గదిది రెండు వందలు. కింద కూర్చున్న యుగంధర్ రెండు వందలు నొక్కి, పై గదిలో ఉన్న నన్ను "కాఫీ తాగావా?" అని అడుగుతారు. మెట్లెక్కి వస్తే పన్నెండు అడుగులు. అయినా ఫోనులోనే అడుగుతారు, నేనూ ఫోనులోనే చెబుతాను.

"ఇంతవరకూ ఊళ్ళో మాటలేనండి," అన్నారు మావయ్యగారు, బీరువా తలుపు తీసి. "ఇదిగో, ఈ నల్లపెట్టె బయటి లైను. లాడ్జిల్లో ఉంటుంది చూడండి, తొమ్మిది నొక్కితే బయటికి పోతుంది, అలాగన్నమాట. అంబులెన్సుకి చేసుకోడానికని పెట్టాను. తర్వాత, మా అబ్బాయికి ఒకసారి చేసుకుంటామని ఒకరు, అమ్మాయికని ఒకరు."

జీవరాజు గారు నల్లపెట్టెలోంచి నా సిమ్‌ని గోటితో నొక్కి బయటికి తీశారు. దాన్ని చిన్న కవరులో వేసి, పైన నా పేరు రాశారు. నా చిన్ననాటి వస్తువేదో ఎవరో పట్టుకుపోతున్నట్టు అనిపించింది.

రెండు నిమిషాలు కాలేదు, బల్ల మీద ఫోను మోగింది. మావయ్యగారు చెయ్యి చాపేలోగా జీవరాజు గారే ఎత్తారు. ఆ పాత ఫోన్లలో మాట గదంతా వినిపిస్తుంది.

"దొరబాబూ, తొమ్మిది పాడయిందిరా."

"దొరబాబు గారు పక్కనే ఉన్నారండి."

"నువ్వెవరివి? కొత్త కుర్రాడివా?"

జీవరాజు గారు నెరిసిన తల ఒకసారి నిమురుకున్నారు. "ఆయ్, ఇవాళే వచ్చానండి."

"అయితే రాసుకో. నూట నలభై ఏడు, సత్యకుమారి. మొన్న మా ఆయనకి ఆయాసమొస్తే ఇదే తొమ్మిది నొక్కాను, అంబులెన్సు వచ్చింది. ఇవాళ మా అమ్మాయికి చేద్దామంటే కుయ్ కుయ్ మంటుందంతే. ఆ తొమ్మిది సంగతేంటో చూడు నాయనా. దొరబాబుకి చెప్పడం కాదు, నువ్వు చూడు. వాడు పొద్దస్తమానం నిచ్చెన మీదే ఉంటాడు."

"చూస్తానండి," అని ఆయన మెల్లగా ఫోను పెట్టేశారు. అత్తయ్యగారు మజ్జిగ గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయారు.

నిచ్చెన సంగతి నిజమే. కడియం నర్సరీల నుంచి పామ్ మొక్కలు నిలువునా పెట్టుకుని లారీలు బయల్దేరతాయి. వాటి కొసలకి తగిలి రోజుకి ఒక్కచోటైనా తీగ తెగుతుంది. రోజూ పదిన్నరకి మావయ్యగారు నిచ్చెన వేసుకుని బయల్దేరి, ఒంటిగంటకి తలలో ఆకులతో తిరిగొస్తారు.

"చూడండి దొరబాబు గారూ," అన్నారు జీవరాజు గారు సగం మజ్జిగ తాగి. "మీ టీవీకి రిజిస్ట్రేషన్ ఉంది. పోస్టాఫీసులో చేయించేవారు, ఇప్పుడు ఆన్‌లైన్. అది ఒక మంత్రిత్వ శాఖ. ఇంటర్నెట్‌కి లైసెన్సు కంపెనీది, మీరు వాళ్ళ ఏజెంటు. అది మా శాఖ. ఫోనుకి మళ్ళీ వేరే అనుమతి ఉండాలి. చట్టాలు రాసిన రోజుల్లో టీవీకొక తీగ, ఫోనుకొక తీగ ఉండేవి. ఎవరి తీగ వాళ్ళు చూసుకునేవారు. ఇప్పుడు మూడూ ఒకే తీగలో పోతున్నాయి. మీ ఇళ్ళ మధ్య మీరు మాట్లాడుకునే ఈ మూడంకెల ఫోను దేని కిందకి వస్తుందంటే, నిజం చెబుతున్నాను, నాకే తెలీదు. పైకి రాసి అడగాలి. కొత్త చట్టం వచ్చింది, దాని నియమాలు ఒక్కొక్కటిగా వస్తున్నాయి."

"మా ఊళ్ళో ఒకే వేరు మీద మూడు రంగుల మందారం అంటు కడతారండి," అన్నారు మావయ్యగారు. "అది ఏ మొక్కంటే ఎవరూ పోట్లాడుకోరు."

"లారీ ఎక్కించేటప్పుడు బిల్లులో ఏదో ఒక పేరు రాయాలి కదండీ. ఆ రాసేవాణ్ణి నేను." ఆయన నవ్వారు, వెంటనే ఆ నవ్వు తగ్గింది. "మీ మూడంకెల సంగతి సందేహం. తొమ్మిది సంగతి మాత్రం సందేహం లేదు. ఊరి ఫోన్లని తెచ్చి బయటి ఫోన్లతో కలిపారు. లైసెన్సు లేకుండా ఎక్స్ఛేంజి నడిపినట్టే. మోసగాళ్ళు చేసేదీ ఇదే. పెట్టెలో సిమ్ పెట్టి, కాల్ ఎక్కడిదో తెలీకుండా చేస్తారు. మీరు మోసగాళ్ళు కాదని నాకు తెలుస్తూనే ఉంది. తెలిసింది రాస్తే సరిపోదు, రుజువుండాలి."

"కేసు పెడితే ఏమవుతుందండి?" యుగంధర్ అడిగారు.

"ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. కేసు మాట చెవిన పడితే కంపెనీ మీ ఏజెన్సీ తీసేస్తుంది."

ఏజెన్సీ పోతే ఫైబర్‌లో వెలుతురు ఆగిపోతుంది. ఇంటర్నెట్ ఆగితే టీవీ కూడా ఆగిపోతుంది, ఎందుకంటే రెండోదానికి వేరే తీగ లేదిప్పుడు. ముప్పై ఏళ్ళుగా మావయ్యగారు తన చేత్తో కట్టుకున్నదంతా ఒక్క పూటలో అయిపోతుంది. ఆయన బీరువాకి చెయ్యి ఆనించి నిలబడ్డారు. ఆ పచ్చ దీపాలు ఆయన చొక్కా మీద పడుతున్నాయి.

"ఒక దారి ఉంది," అన్నారు జీవరాజు గారు. "ఆపదకీ, ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళ కోసమూ పెట్టానన్నారు. ఆ పెట్టెలో కాల్స్ జాబితా ఉంటుంది. అందులో అదే కనిపిస్తే, సొంత అవసరానికి కాదు, తెలియక చేశారు అని రాస్తాను. హెచ్చరికతో పోవచ్చు. పోతుందని మాటివ్వను."

"చూడండి. ఇప్పుడే చూడండి," అన్నారు మావయ్యగారు. ఆ గొంతులో మళ్ళీ ప్రాణం వచ్చింది.

కంప్యూటర్ల డిగ్రీ నాది. లాప్‌టాప్ తెచ్చి జీవరాజు గారి పక్కన కూర్చున్నాను. ఆరని చెయ్యి పక్కకి చాపి, ఒంటిచేత్తో పెట్టె పేజీ తెరిచాను. ఇంటి నెంబరు, బయటి నెంబరు, సమయం, ఎన్ని నిమిషాలు. నూట నలభై ఏడు నుంచి అంబులెన్సుకి రెండు నిమిషాలు. నూట అరవై నుంచి సూరత్‌లో ఎవరికో నాలుగు నిమిషాలు. నూట ఇరవై రెండు నుంచి ఉప్పాడకి ఒక నిమిషం, చీర నేతకిచ్చి ఉంటారు. చదువుతుంటే ఊరంతా నా ముందుకొచ్చి కూర్చున్నట్టుంది. అన్నీ చిన్న చిన్న మాటలు. జీవరాజు గారు తలూపుతూ రాసుకుంటున్నారు. యుగంధర్ నా వైపు చూసి కళ్ళతోనే నవ్వారు.

"ఎక్కువసేపు మాట్లాడినవి పైకి తెస్తారా అమ్మా?"

సంతోషంగా నొక్కాను. వరసలు మారాయి.

వంద. పదకొండూ ఐదు. నలభై రెండు నిమిషాలు. వంద. పదకొండూ ఏడు. ముప్పై ఎనిమిది. వంద. వంద. కిందికి జరుపుతూ వెళ్ళాను. ఇరవై రోజులకి ఇరవై వరసలు. అన్నీ ఒకే నెంబరుకి.

వంద అంటే మా వంటింటి ఫోను.

ఆ వేళకి మావయ్యగారు నిచ్చెనతో ఊళ్ళో ఉంటారు. నేను పై గదిలో రెండు వందల ఫోను చెవికి పెట్టుకుని, కింద ఉన్న యుగంధర్‌తో కబుర్లు చెబుతుంటాను. మా ఇద్దరి చెవులూ పనిలో ఉండే ఆ గంటలో వంటింట్లో మూడో మనిషి కూడా మాట్లాడుతున్నారన్నమాట.

"సగానికి సగం నిమిషాలు మీ ఇంటివే ఉన్నాయి దొరబాబు గారూ," అన్నారు జీవరాజు గారు. "ఇప్పుడు నేనేం రాయను?" అంటూ ఆ బయటి నెంబరు రాసుకోవడానికి ఫైలు తెరిచారు.

నాలుగంకెలు రాసి ఆగిపోయారు. తెర మీదకి చూశారు. ఫైలులో అడుగున ఉన్న కాగితం వైపు చూశారు. నేను ఆయన పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ కనిపించింది. అది శాఖకి ఎవరో టైపు చేసి పంపిన ఫిర్యాదు ఉత్తరం. నా పాత నెంబరు నడుమ ముద్ద అక్షరాల్లో ఉంది. కింద సంతకం, సంతకం కింద రాసినవారి ఫోను నెంబరు. తెర మీద ఇరవైసార్లు ఉన్న నెంబరే.

జీవరాజు గారు నా చూపు పసిగట్టి అరచెయ్యి ఆ కాగితం మీద పెట్టారు.

ఇదేమీ తెలియని మావయ్యగారు వంటింటి వైపు తిరిగారు. "రత్నం, ఒకసారి ఇలా రా."

అత్తయ్యగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. తెర వైపు చూసి, మా ముఖాలు చూసి, ఎవరూ అడగకముందే గోడకి ఆనుకున్నారు.

"ఆ ఫోనులో జాబితా ఉండదనుకున్నానండి. సెల్‌లో అయితే మీకు కనపడుతుందని."

"ఎవరు?"

"మా తమ్ముడండి. రాజేంద్ర."

ఆ పేరు నేను ఈ ఇంట్లో వినడం అదే మొదలు. పెళ్ళికి ముందు మా నాన్న మాత్రం చెప్పారు. రాజేంద్ర గారిది కాలువ అవతలి ఊళ్ళో కేబుల్. ఒకప్పుడు బావా బావమరుదులిద్దరిదీ ఒకటే కంట్రోల్ రూమ్. ఎనిమిదేళ్ళ కిందట సెట్‌టాప్ బాక్సులు వచ్చినప్పుడు ఏ కంపెనీ దగ్గర చేరాలన్న దగ్గర మాటామాటా పెరిగి, తీగలు కోసుకుని విడిపోయారు. మా పెళ్ళికి కూడా ఆయన రాలేదు.

వీధిలో లారీ ఒకటి నెమ్మదిగా వెళ్ళింది. మావయ్యగారు అలవాటుగా తలెత్తి తీగ వైపు చూసి, అది దాటేదాకా ఆగారు.

"బాగున్నాడా?" అన్నారు చివరికి.

అత్తయ్యగారి కళ్ళు నిండాయి. "బాగున్నాడండి. మొదట్లో పొడిపొడిగా మాట్లాడేవాడు. తర్వాత మీ గురించే అడిగేవాడు. ఈ ఫోను సంగతి చెబితే ఎంత ముచ్చటపడ్డాడో. ఎన్ని ఇళ్ళకిచ్చారు, బయటి లైను ఎలా పెట్టారు, సిమ్ ఎవరిది, అన్నీ విడమరిచి చెప్పించుకున్నాడు. బావ బుర్రే బుర్ర అన్నాడు."

మావయ్యగారు ముఖం పక్కకి తిప్పుకున్నారు. ఆయన నవ్వుతున్నారని వీపు చూస్తేనే తెలిసింది.

"వాడికీ ఈ పనిలో ఇరవై ఏళ్ళ అనుభవం ఉందండి," అన్నారు జీవరాజు గారితో, ఇంటి మనిషిని పరిచయం చేస్తున్నట్టు. "ఇలాంటప్పుడు ఏం చేయాలో వాడైతే చెబుతాడు. ఎనిమిదేళ్ళు ఊరికే పోయాయి." తర్వాత నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపారు. "దేవమ్మా, బయటి లైను లేదు కదా, నీ సెల్ ఇలా ఇవ్వు. ఆ నెంబరు కలిపి మరీ ఇవ్వు. నేనే మాట్లాడతాను."

జీవరాజు గారి అరచెయ్యి ఇంకా ఆ కాగితం మీదే ఉంది. ఆయన నన్నే చూస్తున్నారు. అత్తయ్యగారు ఎదురుగా వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆశగా నిలబడ్డారు. నేను సెల్ తీసి, మొదటి అంకె నొక్కాను.